ఆరో గోడ మీద తేదీ

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, నాకు దోమలతోనే సరిపోయింది, అంతదూరం వెళ్లే తీరిక లేకపోయింది అని చెప్పేవాణ్ని. వేళాకోళానికి అన్న మాట కాదు. అరవైల మొదట్లో నా ఉద్యోగం నిజంగానే దోమలతో. అప్పట్లో ముత్తుకూరులో నేనున్న గది శ్మశానానికి ఎదురుగా ఉండేది. గాలి బాగా వస్తుందని ఏరికోరి తీసుకున్నాను. చేతబడి, గాలి సోకడం లాంటి మాటలు వింటే నాకు నవ్వు కూడా వచ్చేది కాదు, విసుగొచ్చేది. ఇప్పటికీ అంతే. కింద రాసేది నా నమ్మకాలను మార్చలేదు. ఒక్క విషయం మాత్రం తేలకుండా మిగిలిపోయింది.

ఆ రోజుల్లో మలేరియాను లేకుండా చెయ్యాలని ఊరూరా ఇళ్లలో మందు కొట్టేవారు. మందు కొట్టినవాళ్లు ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడ మీద ఇంటి నంబరు వేసి, దాని కింద వరుసగా గళ్లు గీసి పోయేవారు. ఆ తర్వాత పని మాది. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి, ఎవరికైనా జ్వరం ఉందా అని అడగాలి. ఉంటే వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురుచుక్క తీసుకోవాలి, మాత్రలివ్వాలి. వచ్చినట్టు గుర్తుగా గోడ మీది గడిలో ఆ రోజు తేదీ వేసి, పక్కన మన పొడి అక్షరాలు పెట్టాలి. మా పైఅధికారి ఎప్పుడైనా జీపులో వచ్చి గోడలు చూసి పోయేవాడు. గోడ మీద తేదీ ఉంటే నేను వచ్చినట్టు, లేకపోతే రానట్టు. మనుషులను అడిగే అలవాటు ఆయనకు లేదు.

మిగతావాళ్లు సుద్దముక్కతో రాసేవారు. సముద్రం ఒడ్డు పల్లెల్లో సుద్ద నిలవదు, ఉప్పుగాలికి రెండు రోజుల్లో మాసిపోతుంది. అందుకని నేను సంచిలో జేగురు పొట్లం పెట్టుకుని, కొబ్బరిచిప్పలో నీళ్లతో కలిపి, చివర నలగ్గొట్టిన ఈతపుల్లతో ఎర్రగా రాసేవాణ్ని. ఈ పద్ధతి నేను కనిపెట్టుకున్నదే. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అలా రాయగా నేను చూడలేదు.

నేను చెప్పబోయే పల్లె ముత్తుకూరుకు ఆరు మైళ్లు. పేరు చెప్పను, వాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. అన్నీ వేట మీద బతికే కుటుంబాలు, నలభై ఇళ్లకు కాస్త పైన. సముద్రానికి ఎదురుగా ఒక వరుసలో ఆరిళ్లు, ఇసుకదిబ్బ వెనక మిగతావన్నీ. ముందు వరుస ఆరిళ్లవాళ్లూ దగ్గర బంధువులు. ఇంటికో మనిషి చొప్పున ఆరుగురు కలిసి ఒకే నావ మీద వేటకు పోయేవారు. ఊళ్లో చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. గోడ మీద ఎర్రగా ఏదో రాసి ఉంటే అది గవర్నమెంటు గుర్తు అని మాత్రం తెలుసు.

ఆ వరుసలో చివరి ఇల్లు పోలమ్మది. భర్త పోయి చాలా కాలమైంది. వెంకటేశు అని ఒక్క కొడుకు, పాతికేళ్లవాడు. నావలో ఆరో మనిషి అతనే. పోలమ్మ చేపలు ఎండబెట్టి, బుట్ట తలకెత్తుకుని పైఊళ్లలో అమ్ముకొచ్చేది. మాట కరుకు. జ్వరం ఎవరికైనా ఉందా అని నేను అడిగితే, "మాకెందుకుంటాదబ్బయా, నువ్వు ఆ మాత్రలు మింగించి తెప్పిస్తే తప్ప" అనేది. అని, చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చేది. జేగురు కలుపుకోవడానికీ ఆమె చెంబులో నీళ్లే. నెత్తురు తీసుకుపోయేవాడని ఊళ్లో చాలామంది నన్ను చూసి తలుపులు దగ్గరికి వేసుకునేవారు. నాతో నాలుగు మాటలు మాట్లాడింది ఆమె ఒక్కతే.

ఇక నేను చేసిన తప్పు సంగతి. మాఘమాసం. నాయుడుపేటలో మా అక్కకు కాన్పు దగ్గరపడింది. బావ పట్టాళంలో ఉన్నాడు, ఇంట్లో మగదిక్కు లేదు. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఆ రోజు ఊరంతా తిరిగి, అన్ని గోడల మీదా ఆనాటి తేదీ వేసి, పోలమ్మ ఇంటి నీడన కూర్చున్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పదిహేను రోజుల తర్వాత వేయాల్సిన తేదీ పక్క గడిలో ఇప్పుడే వేసేస్తే పోలా? అప్పుడు నేను రాకపోయినా గోడలు వచ్చానని చెబుతాయి. అధికారి ఈలోపలే వచ్చి చూస్తే దొరికిపోతానన్న ఇంగితం ఆ పూట పని చేయలేదు. ఇరవై నాలుగేళ్ల బుర్ర, పైగా మిట్టమధ్యాహ్నం ఎండ.

చిప్పలో మిగిలిన జేగురుతో ఆ వరుస మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. వరుసగా అయిదిళ్లు రాశాను. ఆరోదైన పోలమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి చిప్పలో రంగు లేదు, సంచిలో పొట్లం కూడా ఖాళీ. పోలమ్మ గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తూ అంతా చూస్తూనే ఉంది. "మా ఇంటికొచ్చేతలికే రంగైపోయిందా" అంది. వచ్చేసారి మీ ఇంటితోనే మొదలుపెడతాలే అన్నాను. మిగతా ఊరికి మధ్యలో ఒకరోజు వచ్చి రాసుకుందామనుకున్నాను. చిప్ప ఇసుకలో పారేసి, ఒడ్డు వెంబడే ముత్తుకూరు దారి పట్టాను. దిబ్బ వెనక్కి మళ్లీ వెళ్లలేదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్పగలను.

మధ్యలో వద్దామనుకున్నవాణ్ని రాలేదు, నాయుడుపేట వెళ్లిపోయాను. అక్కకు ఆడపిల్ల పుట్టింది. గోడల మీద నేను ముందుగా వేసిన ఆ తేదీ వచ్చిన రోజున నేను అక్కావాళ్ల పెరట్లో బాలింతకు నీళ్లు కాస్తున్నాను. పల్లెకు మళ్లీ వెళ్లింది ఆ తర్వాత నాలుగు రోజులకు, పొద్దున పది గంటల వేళ.

ఊళ్లో అడుగుపెట్టగానే ఏదో తేడా ఉందనిపించింది. ఏ వాకిట్లోనూ ముగ్గు లేదు. నావలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వలల దగ్గర ఎవరూ లేరు. ప్రతి ఇంటి ముందూ ఒక మనిషి వీధికి వీపు పెట్టి, తన గోడకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను పలకరిస్తే తల తిప్పారు గానీ లేవలేదు. వాళ్లు గోడలకు కాపలా కాస్తున్నారని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఊరి పెద్ద కోటయ్య ఎదురొచ్చి జరిగింది చెప్పాడు. నాలుగు రోజుల కిందట ముందు వరుస నావ వేటకు పోయి తిరిగి రాలేదు. గాలి లేదు, వాన లేదు, సముద్రం చాప పరిచినట్టుంది. మధ్యాహ్నానికి ఉత్త నావ బోర్లాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆరుగురిలో ఇద్దరి శవాలు దొరికాయి, నలుగురివి దొరకలేదు. పోలమ్మ కొడుకు వెంకటేశు మాత్రం ఆ నావలో లేడు. తెల్లవారేసరికి కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడట. నావ తోసే ముందు మనిషి తక్కువయ్యాడని ఎవరో కేకేస్తే, దిబ్బ వెనక వరుసలో ఉండే గోవిందు అనే అతను వచ్చి ఎక్కాడు. అతను ఆ నావ ఎక్కడం అదే మొదటిసారి.

మరునాడు చేపల బేరగాడు సైకిలు మీద వచ్చాడు. అతనికి చదువొచ్చు. పరామర్శకు వచ్చినవాడు గోడ చూసి, "ఇదేంది, నావ పోయిన తేదీ ఇక్కడ రాసుండాదే" అన్నాడు. గొడవ అక్కడ మొదలైంది. సర్కారు మనిషి రాబోయే తేదీ ఎందుకు వేస్తాడు, ఇది ఊళ్లోవాళ్లే ఎవరో చేయించిన చేతబడి అనుకున్నారు.

తర్వాత జరిగినవి నేను ఒక్కొక్కరి నోటా విన్నవి. ముందు వరుసలో కొందరు వెంటనే గోడలు కడిగేశారు. అంత తొందరగా కడిగారంటే వాళ్లకేదో ముందే తెలుసని మిగిలినవాళ్లు అనుకున్నారు. బొగ్గు పట్టుకుని నడుస్తున్న ఒక ముసలాయన్ను పట్టుకుని కొట్టారు. పాపం ఆయన పొయ్యి రాజేసుకోవడానికి పోతున్నాడు. గీత గీస్తే ఎవరేమంటారోనని ఆడవాళ్లు ముగ్గులు మానేశారు. సొంత అన్నదమ్ములే ఒకరి గోడ దగ్గరికి ఒకరిని రానివ్వలేదు. వేటకు పోతే వెనకాల తమ గోడ మీద ఎవరేం రాస్తారోనని మగవాళ్లు ఒడ్డు కదలడం మానేశారు. చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. ఒకరినొకరు చూసుకోవడంతోనే పొద్దు గడిచింది.

నాలుగోరోజుకు అనుమానాలన్నీ ఒక్క గుమ్మం దగ్గరికి చేరాయి. ఆ వరుసలో తేదీ లేని ఇల్లు పోలమ్మది. ఆ నావ మనుషుల్లో బతికి మిగిలినవాడు పోలమ్మ కొడుకు. రంగు కలిపిన నీళ్లు పోలమ్మ చేతివి. ఇంకేం కావాలి?

కోటయ్య నన్ను వలల పాక దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దలు నీడన కూర్చున్నారు. పోలమ్మ, వెంకటేశు ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ల మీద దురాయి వేయబోతున్నారు. దురాయి అంటే ఆ పల్లెల్లో ఊరి కట్టుబాటు. అది పడ్డ ఇంటికి ఎవరూ నీళ్లు, నిప్పు ఇవ్వకూడదు, ఎవరూ నావ ఎక్కించుకోకూడదు. పొద్దు గూకేలోపు తల్లీకొడుకులు ఊరు విడవాలి. పాక బయట నిలబడ్డ నలుగురైదుగురి చేతుల్లో తెడ్లున్నాయి. వాళ్లు పొద్దు గూకేదాకా ఆగే మనుషుల్లా కనిపించలేదు. పోలమ్మ ఏడవడం లేదు. కొడుకు చెయ్యి మాత్రం వదలలేదు.

ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. తేదీ రాసింది నేను. ఆ అయిదిళ్లవాళ్లూ ఒకే నావలో పోతారు. ఆ నావ నేను రాసిన రోజున మునిగింది. కాకతాళీయం అంటారు దీన్ని. లేచి నిలబడి చెప్పేస్తే తీరిపోయే విషయం. చెబితే ఉద్యోగం పోతుందని కూడా తెలుసు. బేరగాడు అక్కడే కూర్చుని ఉన్నాడు, సాయంత్రానికల్లా ముత్తుకూరులో మాట పాకిపోతుంది. మా నాన్న కొడవలూరులో ఒకరి పొలంలో కూలి చేసేవాడు. మా వంశంలో నెలజీతం అందుకున్నది నేనొక్కణ్నే. రెండు ప్రాణాలు ఎండలో నిలబడి ఉంటే, నేను నోరు తెరవడానికి ఎంతసేపు ఆలోచించానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నేను గొంతు సవరించుకునేలోపే కోటయ్య అన్నాడు. "పోయినోళ్లు ఆరుగురు సారూ. ఆ ఆరుగురి ఇళ్ల మీదా రాసినారు. ఈమె ఇంటి మీద తప్ప."

అయిదిళ్లు కదా అన్నాను.

"ఆరు. గోవిందు ఇంటి మీద గూడా ఉండాది. రాండి, చూద్దురు."

దిబ్బ ఎక్కి దిగి, వెనక వరుసలో గోవిందు ఇంటికి వెళ్లాం. అతని భార్య ఆదెమ్మ గోడకు అడ్డంగా కూర్చుని ఉంది. ముందు వరుసలో గోడలు కడిగినా ఆమె మాత్రం తన గోడను ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. ఆమె పక్కకు జరిగితే చూశాను.

ఇంటి నంబరు ఉంది. కింద గడిలో, పోయినసారి వచ్చినప్పుడు నేను రాసిన తేదీ ఉంది. దాని పక్క గడిలో నావ పోయిన తేదీ ఉంది. అదే జేగురు, అదే పుల్ల మందం. నెల అంకె కింద అలవాటు కొద్దీ నేను లాగే చిన్న గీత, పక్కన నా పొడి అక్షరాలు. ఎవరి దస్తూరీ వాళ్లకు తెలియకుండా ఉండదు. వేలితో రుద్దితే ఎర్రపొడి అంటింది. నేను ఆ వేలు చొక్కాకు తుడుచుకోలేకపోయాను, ఇసుకలో తుడుచుకున్నాను.

ఎప్పటి నుంచి ఉందని ఆదెమ్మను అడిగాను. "నువ్వొచ్చి పోయిన దినం నుంచే ఉండాది గదా. సందేళ గోడకు ఆనుకుంటే నా కొంగుకంటింది, ఇంకా తడి ఆరలా" అంది. కొంగు చూపించింది. ఎర్రమరక ఉంది. అది మామూలుగా వేసిన మొదటి తేదీ మరకో, ఈ రెండో తేదీ మరకో చెప్పలేం. నేను పొద్దున రాసింది సందేళ దాకా తడిగా ఉండదని మాత్రం చెప్పగలను.

పాక దగ్గరికి తిరిగి నడిచింది మహా అయితే నూరు గజాలు. ఆ కాస్త దూరంలోనే నాకు ఒకటి స్పష్టమైంది. అయిదు నేను రాశాను, ఆరోది నేను కాదు అని ఉన్నదున్నట్టు చెబితే, ఆ ఆరోది తిన్నగా పోలమ్మ మెడకు చుట్టుకుంటుంది. నిజమంతా చెప్పడం ఆమెను చంపడంతో సమానం.

ఆరూ నేనే రాశానని చెప్పాను. అక్క కాన్పు, దొరకని సెలవు, సోమరితనం అన్నీ చెప్పాను. ముందు గోవిందు ఇంటి మీద రాసి, దిబ్బ దిగి ఈ వరుసకు వచ్చానని, పోలమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి రంగు అయిపోయిందని చెప్పాను. గోవిందు ఇంటితోనే ఎందుకు మొదలుపెట్టావని ఒకరు అడిగారు. దారిలో అదే ముందు కనిపించిందన్నాను. చనిపోయిన వాళ్లలో ఒకాయన తమ్ముడు లేచి వచ్చి నా చెంప మీద కొట్టాడు. నేను అడ్డుకోలేదు.

"గంగమ్మ మీద చెప్పగలవా" అన్నాడు కోటయ్య.

వాళ్లలో ప్రమాణం అంటే మోకాలిలోతు సముద్రంలోకి దిగి, దోసిట్లో ఆ నీళ్లు పట్టుకుని చెప్పాలి. ఊరంతా ఒడ్డున నిలబడింది. నేను దేవుణ్ని నమ్మని మనిషిని, నాకు అదొక లెక్క కాదు. ఉప్పునీళ్లు పట్టుకుని ఆరూ నేనే రాశానని గట్టిగా అన్నాను. దోసిట్లో నీళ్లు వదిలేసి ఒడ్డుకు వచ్చాను.

కోటయ్య ఊరివాళ్ల వైపు తిరిగాడు. "సర్కారోళ్ల సోమరితనం. మనోళ్ల పని గాదు" అన్నాడు. అంతటితో అయిపోయింది. తెడ్లు పట్టుకున్నవాళ్లు తెడ్లు దించారు. పోలమ్మను ఎవరూ క్షమించమని అడగలేదు, ఆమె కూడా ఎవరినీ ఏమీ అనలేదు. ముందు వరుసలో ఒక ఆడమనిషి మొగుడి పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే వరుసంతా ఏడుపు లేచింది. నాలుగు రోజులుగా గొంతులో ఆగిపోయిన ఏడుపు అది. నేను వినలేకపోయాను.

రెండు వారాల్లో నా ఉద్యోగం పోయింది. అందులో అన్యాయమేమీ లేదు. తర్వాత బడిపంతులునయ్యాను. పాతికేళ్లు పిల్లలకు ఎక్కాలూ తర్కమూ చెప్పాను. ఆ ఆరో తేదీని మాత్రం ఎన్ని వైపుల నుంచి చూసినా కొరుకుడు పడలేదు.

ఎవరైనా నా రాత చూసి వేశారా? ఊళ్లో ఎవరికీ అక్షరం రాదు. బేరగాడికి వచ్చు, కానీ అతను వచ్చింది నావ పోయాక. వచ్చినప్పుడు నలుగురి మధ్యలోనే ఉన్నాడు. పోనీ నేనే రాసి మరిచిపోయానా? మరిచిపోవడానికి జ్వరం లేదు, తాగుడు లేదు. సరే, రాశాననే అనుకుందాం. దిబ్బ వెనక ముప్ఫైకి పైగా ఇళ్లుంటే ఆ ఒక్క ఇంటి మీదే ఎందుకు రాస్తాను? గోవిందు ఆ నావ ఎక్కుతాడని ఆ తెల్లవారేదాకా గోవిందుకే తెలియదు. నేను రాసింది అంతకు పదిహేను రోజుల ముందు.

ఇవన్నీ తీరిగ్గా కూర్చుని తర్వాత వేసుకున్న ప్రశ్నలు. ఆ రోజు జరిగింది ఇంకొకటి ఉంది. దాన్ని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బయలుదేరే ముందు పోలమ్మ ఇంటికి వెళ్లాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను కాబోలు. ఉద్యోగం వదులుకుని వచ్చినవాడికి ఆ మాత్రం ఆశ ఉంటుంది. ఆమె గుమ్మంలో నిలబడింది, వెనక వెంకటేశు. లోపలికి రమ్మనలేదు. గొంతు తగ్గించి అంది. "ఆరోది నువ్వు రాయలేదబ్బయా. నేను చూస్తానే ఉన్నా. చిప్ప పారేసి ఒడ్డెమ్మట పోయినావు."

అవునన్నాను.

"మరెవురు రాసినారు?"

తెలియదన్నాను. నేను ఆమె ముఖం వంక చూస్తున్నాను. ఊరు అన్న మాటలే నా తలలో తిరుగుతున్నాయి. కొడుక్కు సరిగ్గా ఆ పూటే కడుపునొప్పి ఎందుకొచ్చింది, ఈమెకు ఏదో తెలిసి ఉంటుందా అని. సముద్రంలో నిలబడి ఆమె కోసం అబద్ధమాడి ఇంకా నా పంచె ఆరలేదు. ఆమె కూడా నా వంక అలాగే చూస్తోంది. నా చేతుల వంక చూస్తోంది.

చివరికి రెండు చేతులూ జోడించింది. "మమ్మల్ని బతికించినావు, నీకు దండం పెడతా. ఇంక మా గుమ్మం తొక్కబాక నాయనా" అంది. కొడుకును లోపలికి తోసి తలుపు వేసుకుంది. లోపల రుబ్బురోలు లాగి తలుపుకు అడ్డం పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆ తేదీ ఎవరు రాశారో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ తలుపు పడినప్పుడు నాకు బాధ కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఆమె కంటికి కనిపించనంత దూరం వచ్చేదాకా నేను ఒడ్డు వెంబడి గబగబా నడిచాను.